చెన్నబసప్ప తీగలు

ఓబుళేసు తాళంచెవి తిప్పాడు. టక్కుమని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. బ్యాటరీ ఈ పొద్దు కూడా పడుకుంది.

అతను స్టీరింగు మీద చేతులు ఆనించి అద్దంలోంచి వెనక్కి చూశాడు. కంబగిరి అప్పటికే పంచె ఎగ్గట్టుకుని కారు వెనక నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. బండి కదలదని వీడికి ముందే ఎట్లా తెలుసు, అనుకున్నాడు ఓబుళేసు.

తెలుసుకోవడానికి జాతకం చూడనక్కర్లేదు. ఆ కారును రోజూ పొద్దున్నే తోసేది కంబగిరే. కానీ అనుమానం పట్టినవాడికి కోడి కూసినా ఎవరో కూయించినట్టే ఉంటుంది.

"తొయ్యమంటావా అన్నా?" అన్నాడు కంబగిరి.

"ఇంగేం జేస్తావ్? తొయ్యి."

వెనక సీట్లో తేలు కుట్టిన రైతొకడు కాలు పట్టుకుని మూలుగుతున్నాడు. దారి పల్లంగా ఉండబట్టి సరిపోయింది. కారు నాలుగుసార్లు దగ్గి, పొగ వదిలి, పత్తికొండ ఆసుపత్రి వైపు కదిలింది. ఓబుళేసు మళ్లీ అద్దంలోకి చూశాడు. కంబగిరి దుమ్ములో నిలబడి రెండు చేతులూ దులుపుకుంటున్నాడు. అట్లా చేతులు దులుపుకోవడంలో కూడా ఓబుళేసుకు ఏదో కనిపించింది.

పత్తికొండ అవతల, నల్లగుట్ట కింద ఇమాంబీ అవ్వ తకియా ఉంది. తకియా అంటే ఫకీర్లు ఉండే చోటు. నాలుగు రేకుల గదులు, ఒక వంటశాల, ఒక వేపచెట్టు, అంతే. దారిన పోయేవాళ్లకు పూటకింత సంగటి పెడతారు. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి బాగాలేకపోయినా ఆసుపత్రికి చేరుస్తారు. హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు, అందరికీ ఆమె అవ్వే.

అవ్వ ఉపదేశాలు చెప్పదు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఏదో ఒక పని చెప్తుంది. కొందరికి ఆ పనిలో జవాబు దొరుకుతుంది. కొందరికి నడుం నొప్పి వస్తుంది.

ఓబుళేసు ఒకప్పుడు మోటార్లకు వైండింగు చేసేవాడు. భార్య పోయాక ఆ పని వదిలేసి, శాంతి కావాలని అవ్వ కాళ్ల దగ్గరికి వచ్చి చేరాడు. చాలా ఏళ్లయింది. మంచివాడే, కష్టజీవే. లోకాన్ని వదిలేశాడు గానీ మొలలో తాళాలు మాత్రం వదల్లేదు. బియ్యం గది తాళం, పెట్టె తాళం, ఇప్పుడు ఈ కారు తాళం.

ఆ కారు ఆదోనిలో పత్తి మిల్లు నడిపిన చెన్నబసప్పది. ఆయన పోయాక ఇంట్లో ఎవరికీ దాన్ని స్టార్టు చేయడం చేతకాలేదు. ఎక్కడ ఏది నొక్కితే కదులుతుందో ఆయన ఒక్కరికే తెలుసు. ఆ గుట్టు ఆయనతోనే పోయింది. షెడ్డులో పడి తుప్పు పట్టడం కన్నా నలుగురికి పనికొస్తే పుణ్యమని కోడలు దాన్ని అవ్వకు ఇచ్చేసింది. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. ఓబుళేసు పాత తీగలు ఒకటి రెండు తెంపి, ఒకటి రెండు కలిపి, ఎట్లాగో కదిలించాడు.

కారు వచ్చిన వారంలోనే కంబగిరీ వచ్చాడు.

కంబగిరి ఏదీ దాచలేదు. రోడ్డు పక్క ఆగిన లారీల్లో బ్యాటరీలు ఎత్తుకుపోయేవాడినని, జైలుకు పోయివచ్చానని, ఇంటికి పోతే కన్నతల్లే తలుపు వేసిందని, మొదటి రోజు సంగటి ముందు కూర్చుని తనే చెప్పాడు. అవ్వ విని, అతని కంచంలో ఇంకో ముద్ద పెట్టింది.

ఓబుళేసుకు మాత్రం ముద్ద దిగలేదు. దొంగిలిస్తే దొంగిలించాడు, లోకంలో ఇంకేమీ దొరకనట్టు బ్యాటరీలా? దొంగ చేతికి తాళమిచ్చినట్టు అయిందే అనుకున్నాడు. ఆ తర్వాత రోజూ పొద్దున బ్యాటరీ పడుకోవడం మొదలయ్యేసరికి, చూడండి, తను అనుకున్నదే నిజమైంది.

అతను కారు చుట్టూ బూడిద చల్లి చూశాడు. పొద్దున లేచి చూస్తే కుక్క అడుగులు, మేక అడుగులు కనిపించాయి. మేక అడుగులు కూడా కాస్త తేడాగానే అనిపించాయి. ఇది కాదని, ఎవరికీ చెప్పకుండా ఒక ఏర్పాటు చేశాడు. అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి కారులో బిగించాడు. అది మేలుకున్నాక మూసి ఉన్న తలుపు ఎవరు తెరిచినా, దించి ఉన్న బానెట్ ఎత్తినా హారను మోగుతుంది. దాన్ని మేల్కొలిపే మీట వెనక బంపర్ కింద, వంగి చూసినా కనపడని చోట పెట్టాడు. మునిమాపున తాళాలు వేసి మీట నొక్కేవాడు. పొద్దున ఎవరూ రాకముందే ఆపేసేవాడు.

హారను ఒక్కనాడూ మోగలేదు. బ్యాటరీ మాత్రం పడుకుంటూనే ఉంది.

మామూలు మనిషైతే దొంగ లేడేమో అనుకునేవాడు. ఓబుళేసు, వీడు పండిన దొంగ అనుకున్నాడు.

తేలు కుట్టిన రైతును ఆసుపత్రిలో దించి వచ్చిన రోజు అతను నేరుగా అవ్వ దగ్గరికి పోయాడు. అవ్వ చేటలో కొర్రలు పోసుకుని రాళ్లు ఏరుతోంది.

"అవ్వా, కంబగిరిని పంపించెయ్యి."

"ఏం జేసినాడు?"

"బ్యాటరీ తాగేస్తాండాడు. రేత్రిపూట ఎవురి బండికో తగిలిస్తాండాడో, ఏం జేస్తాండాడో! ఆ రైతుకు ఏమన్నా అయ్యుంటే?"

"నువ్వు చూసినావా?"

"చూడాల్నా అవ్వా? బ్యాటరీల దొంగ వాడు."

అవ్వ ఒక రాయి ఏరి పక్కన వేసింది. "చెన్నబసప్ప తీగలు ఎట్లుండాయి?"

"అవా? గజిబిజిగా ఉండాయి. దేనికేదో దేవుడికెరుక."

"ముందు అవి తీసెయ్యి నాయినా. వేరేవాడి పాపం బండిలో పెట్టుకొని వీడి మీద ఎట్ల మోపుతావు?"

ఆ మాట న్యాయంగానే తోచింది. దాంతోపాటు, తీగలన్నీ సరిచేశాక కంబగిరికి తప్పించుకునే దారి ఉండదని కూడా తోచింది. ఓబుళేసు ఆ సాయంత్రమే పనిముట్లు బయటికి తీశాడు.

స్టీరింగు కింది అట్ట విప్పేసరికి అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటి గోడల్లో వేసే ఎర్ర తీగ ఒక చుట్ట కొని బండంతా దాంతోనే కానిచ్చాడు మహానుభావుడు. లైటుకు పోయేదీ ఎరుపే, హారనుకు పోయేదీ ఎరుపే, ఎటూ పోకుండా మధ్యలో వేలాడేదీ ఎరుపే. తీగలు కలిపిన చోట నల్ల టేపు బదులు దెబ్బలకు వేసే ప్లాస్టరు చుట్టాడు. కొన్ని చోట్ల వేడికి అది కరిగి జిగురు కారింది. మెకానిక్కు దగ్గరికి పోతే రహస్యం బయటపడుతుందని అన్నీ తన చేత్తోనే వేసుకున్నట్టుంది.

ఓబుళేసు బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, ఆ సందులో ఒక చిన్న బల్బు తగిలించాడు. బండిలో అన్నీ ఆపేసి ఉన్నా బల్బు ఎర్రగా వెలుగుతోంది.

అవ్వ వచ్చి రాయి మీద కూర్చుంది. "అదేందిరా?"

"ఇది వెలిగితే ఎవురో తాగుతాండారని లెక్క అవ్వా. ఒక్కో తీగ తీసుకుంటా పోతే యాడో ఒకచోట ఆరిపోతాది. అదే దొంగ."

తన డబ్బాను మాత్రం అతను మునుపే ఆపేసి పెట్టాడు. పరీక్షకు అడ్డం రాకూడదు కదా.

ఒక్కో తీగ వెంట పోతుంటే చెన్నబసప్ప లోపలి మనిషి బయటికి రాసాగాడు. బూడిద రాల్చే గిన్నె కింద ఒక మీట. అది నొక్కితే తప్ప ఇంజను కదలదు.

"ఇది ఎవురి మీదరా?" అంది అవ్వ.

"కొడుకు మీద అనుమానమనుకుంటా. ఆయన లేనప్పుడు బండి తీస్తాడని."

డిక్కీ నుంచి వెనక సీటు దాకా ఒక తీగ. డిక్కీ తెరిస్తే ఆయన కాళ్ల దగ్గర చిన్న దీపం వెలుగుతుంది.

"ఇది?"

"డ్రైవరు మీద."

పెట్రోలు మూత దగ్గర ఇంకొకటి. అదీ డ్రైవరు మీదే. వెనక సీటు గుడ్డ లోపల ఒక బొత్తాం, నొక్కితే నడుస్తున్న ఇంజను ఆగిపోతుంది. దాని సంగతి ఓబుళేసుకు చాలాసేపు అంతుపట్టలేదు. తర్వాత ఫక్కున నవ్వాడు.

"డ్రైవరు తన్ను యాడికన్నా ఎత్తుకపోతాడని భయమేమో అవ్వా! అనుమానం పెనుభూతం అని ఊరికే అన్లేదు పెద్దోళ్లు. ఇన్ని కాపలాలు పెట్టుకొని ఈయప్ప బండెట్ల ఎక్కినాడో, యాడ కూర్చున్నాడో!"

"ఎక్కినా కునుకు పట్టుండదు," అంది అవ్వ. ఆమె నవ్వలేదు. నిజంగానే జాలిపడింది.

కంబగిరి కూడా అప్పుడప్పుడూ వచ్చి దూరంగా నిలబడేవాడు. ఒకసారి, "దీపం పట్టుకోమంటావా అన్నా?" అని అడిగాడు. "వద్దు, ఆడనే ఉండు," అన్నాడు ఓబుళేసు. కంబగిరి అక్కడే ఉండిపోయాడు. అతను ఏదో చెప్పబోయి మానుకున్నట్టు కనిపించింది. ఓబుళేసు అది గమనించి మనసులో గుర్తు పెట్టుకున్నాడు.

ఆఖరి ఎర్ర తీగ లాగేసరికి బల్బు ఆరిపోయింది. గంప నిండా తీగలు. ఓబుళేసు వాటిని పాము కుబుసాల్లా ఎత్తి అవ్వకు చూపించాడు. కొత్త తీగలు రంగురంగులవి తెచ్చి, దేనికది వేరుగా వేసి, నల్ల టేపు చుట్టాడు. పని ముద్దుగా కుదిరింది. అతనికి తన చేతులను చూసుకుని గర్వం కలిగింది. ఆ రాత్రి యథాప్రకారం తాళాలు వేసి, బంపర్ కింద మీట నొక్కి పడుకున్నాడు.

పొద్దున కారు ఒక్క తిప్పుకే పలికింది. మరునాడూ పలికింది. ఇల్లలకగానే పండగ కాదంటారు. నాలుగు రోజులు బాగా గడిచాయో లేదో, ఒక పొద్దున మళ్లీ టక్కుమని ఊరుకుంది.

ఓబుళేసు ఈసారి చిరాకు పడలేదు. లోపల ఏదో తృప్తి లాంటిది కలిగింది. అట్లా తృప్తి కలిగినందుకు ఒక్క క్షణం సిగ్గేసింది కూడా. కానీ కోపం వచ్చి ఆ సిగ్గును కప్పేసింది. బండి శుభ్రం. తన చేత్తో చేశాడు. బల్బు అబద్ధం చెప్పదు. ఇక మిగిలింది మనిషే. మునుపు రోజూ తాగేవాడు, ఇప్పుడు జాగ్రత్తపడి అప్పుడప్పుడూ తాగుతున్నాడు.

అందరూ సంగటి తింటుండగా అతను అవ్వ ముందు నిలబడ్డాడు. ఈసారి గొంతు తగ్గించలేదు.

"చెన్నబసప్పవన్నీ తీసినా అవ్వా. పోగు గూడా మిగల్లే. అయినా బ్యాటరీ పోయింది. ఇప్పుడు చెప్పు, ఎవురు?"

అవ్వ చెయ్యి కడుక్కుంది. "సరే. తాగేది ఎవురైతే వాళ్లు రేపు పొద్దున ఈ గడప దాటాల. చాలునా?"

"చాలు."

కంబగిరి తల ఎత్తలేదు. కంచంలో మిగిలింది కుక్కకు వేసి, గదిలోకి పోయి తువ్వాలు, లుంగీ మూట కట్టుకున్నాడు. ఎక్కడికి పోవాలో తెలియక ఆ మూట పక్కన పెట్టుకుని అట్లాగే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతను వాదించి ఉంటే, దొంగకే నోరు పెద్ద అనుకునేవాడు ఓబుళేసు. వాదించలేదు కాబట్టి, తప్పు చేసినవాడు ఏం మాట్లాడతాడులే అనుకున్నాడు.

మునిమాపు వేళ అవ్వ కారు దగ్గరికి వచ్చింది. కంబగిరిని కూడా పిలిచింది.

"ఓబుళేసూ, ఒకరి కూడు తీసేముందు నా కండ్లతో చూసుకోనీ. ఆ బల్బు తగిలించి నా చేతికియ్యి."

"చూడవ్వా, బాగా చూడు," అన్నాడు ఓబుళేసు ఉత్సాహంగా. బానెట్ ఎత్తి, బ్యాటరీ దగ్గర బల్బు తగిలించి, దాన్ని అవ్వ చేతిలో పెట్టాడు. బల్బు వెలగలేదు.

"చూసినావా? బండిలో తాగేది ఏమీ లేదు."

"బాగుండాది. ఇప్పుడు నువ్వు రోజూ పడుకొనే ముందు బండిని ఎట్ల పెడతావో అట్లనే పెట్టి రా. ఏదీ ఎక్కువ జెయ్యొద్దు, ఏదీ తక్కువ జెయ్యొద్దు."

ఓబుళేసు ఒక్కో తలుపూ తాళం వేశాడు. ఒక్కో అద్దం లాగి చూశాడు. కారు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చాక ఆగాడు. మీట సంగతి అవ్వకు కూడా చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? అది కాపలా. దోమ తాగినంత కూడా తాగదు. పైగా ఎత్తిన బానెట్ అడ్డం ఉంది, అవ్వ ముందు వైపు ఉంది, కనిపించదు. అతను వంగి బంపర్ కింద చెయ్యి పెట్టి మీట నొక్కాడు.

బానెట్ అవతలి నుంచి అవ్వ గొంతు మెల్లగా వచ్చింది.

"ఓబుళేసూ. వెలిగింది."

అతని చెయ్యి బంపర్ కిందే ఉండిపోయింది. తీసి మళ్లీ నొక్కాడు.

"ఆరింది," అంది అవ్వ. "ఆఁ, మళ్లా వెలిగింది."

అవ్వ అక్కడి నుంచి కదల్లేదు. కంబగిరి గుట్ట వైపు తిరిగి నిలబడ్డాడు, ఇటు చూడటం బాగుండదన్నట్టు.

"ఇది ఎవురి మీదరా?" అని అడిగింది అవ్వ.

ఓబుళేసు బంపర్ కింది నుంచి చెయ్యి తీశాడు. ముందుకు వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. సన్నటి ఎర్రటి వెలుతురులో అవ్వ ముఖం ఎప్పటిలాగే ఉంది.

"గడప దాటమంటావా అవ్వా?" ఈ చోటు కాకపోతే తనకు మాత్రం ఎవరున్నారు?

"తాగేది దాటాలనే గదా మాట. తియ్యి దాన్ని."

ఓబుళేసు పడుకుని కారు కిందికి దూరాడు. మీట ఊడదీశాడు, తీగ లాగాడు, డబ్బా విప్పాడు. తొందరలో రేకు గీసుకుని చేతికి రక్తం వచ్చింది. డబ్బా చేతిలోకి రాగానే బల్బు ఆరిపోయింది. లేచేసరికి కంబగిరి చెయ్యి అందించాడు. ఓబుళేసు ఆ చెయ్యి పట్టుకునే లేచాడు. లేచి, అతని ముఖం చూసి నిలబడిపోయాడు. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?"

"తెలుసన్నా."

"ఎట్ల?"

"రోజూ తోసేది యాడ పట్టుకొని? బంపరే గదా. నువ్వు పెట్టిన మర్నాడే వేళ్లకు తగిలింది."

"మరి చెప్పలేదేం?"

కంబగిరి తువ్వాలు చించి అతని చేతికి కట్టు కడుతూ అన్నాడు. "చెప్తే ఏమంటావన్నా? ఆడ నా చెయ్యి ఎందుకు పెట్టినానని అడుగుతావు."

ఓబుళేసుకు ఏడుపు వచ్చినంత పనయింది. నిజమే, సరిగ్గా అదే అడిగేవాడు. ఇన్నాళ్లూ ఈ మనిషి అంతా తెలిసి, నోరు మూసుకుని, పొద్దున్నే లేచి తోశాడు. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాడు. అంతలోనే, పిలవకుండానే, ఇంకో ఆలోచన వచ్చి ముందు నిలబడింది. అన్నీ తెలిసి కూడా ఇన్నాళ్లు ఊరికే ఉన్నాడంటే, వీడు మనసులో ఏం పెట్టుకుని ఉన్నాడో.

ఆ ఆలోచన అతను పైకి అనలేదు. కంబగిరి కడుతున్న చేతిని కాస్త వెనక్కి లాక్కున్నాడు, అంతే.

అవ్వ చూసింది.

"ఇంగొకటి ఉండాది," అంది. "దాన్ని గూడా తియ్యి."

ఓబుళేసు ఆమె చేతిలో బల్బు వైపు చూశాడు. అది వెలగడం లేదు. తల ఎత్తి చూస్తే, అవ్వ బల్బును చూడటం లేదు. అతన్ని చూస్తోంది.

అతను చెయ్యి మళ్లీ ముందుకు చాచాడు. కంబగిరి ముడి వేశాడు.